సముద్రపు నురుగులో అమ్మ ఉంగరం

ఆత్మకూరులో మూలికల కొట్టుకు పోయి సముద్రపు నురుగు కావాలని అడిగితే, కొట్టాయన "పిల్లకి చెవి కారతా ఉండాదా?" అన్నాడు. మా వైపు దాని వాడకం అదే. పొడి చేసి చెవిలో వేస్తారు. పిట్టల్ని పెంచేవాళ్లు పంజరంలో వేలాడదీస్తారు. పేరుకు నురుగే గాని, అది సముద్రంలో బతికే ఒక ప్రాణి వీపులో ఉండే ఎముక. తెల్లగా, చిన్న పడవ మాదిరి, చేతిలో పెట్టుకుంటే ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. ఒక వైపు గట్టి పెంకు. ఇంకో వైపు గోరు గుచ్చితే దిగిపోయేంత మెత్తన.

"చెవికి కాదన్నా, దాంట్లో వెండి పోయాల" అన్నాను.

ఆయన పొట్లం కడుతూ కట్టడం ఆపాడు. "ఎవరు చెప్పినారమ్మా?"

"ఫోన్లో చూసినాను."

"ఫోన్లో చూసి ఒకాయన కీళ్లనొప్పులకి ఏందేందో కాంచుకోని తాగినాడు. వారం మంచం దిగలా" అని చెప్పి, పొట్లం చేతిలో పెట్టాడు. ఇవ్వను అనలేదు, అందుకు ఆయనకు మేలు కలగాలి.

ఆ పని నాకెందుకు వచ్చిందో చెప్పాలంటే మా అమ్మ ఉంగరం సంగతి చెప్పాలి.

మా నాయన అమ్మకు పెళ్లినాడు పెట్టిన వెండి ఉంగరం అది. రాళ్లూ పూలూ ఏమీ లేవు, ఒట్టి కట్టు. నాయన పోయినప్పుడు, మట్టి చేసి వచ్చాక, మా వైపు పెద్ద ఆడవాళ్లు అమ్మను కూర్చోబెట్టి మెట్టెలు తీశారు, మెడలో నల్లపూసలు తీశారు. మేం గుడికి, అంటే చర్చికి, పోయేవాళ్లమే, మా తాతల నాటి నుంచి బాప్టిస్టులమే. అయినా ఈ పద్ధతి మాత్రం ఊళ్లో అందరికీ ఒకటే. తీసిన మెట్టెలు గుడి చందా సంచిలో వేసేశారు. తర్వాత ఒక పెద్దమ్మ అమ్మ ఎడమ చెయ్యి పట్టుకుని ఉంగరం మీద సబ్బు నురుగు రాయబోయింది. అమ్మ చెయ్యి లాక్కుంది.

"మెట్టెలు మీరు పెట్టినారు, మీరు తీసుకున్నారు. ఇది ఆయన పెట్టినాడు. కావాలంటే ఆయన్నే వచ్చి తీసుకోమనండి."

పెద్దమ్మ పోయి చేతికంటిన సబ్బు కడుక్కుంది. ఆ ఉంగరం అట్లాగే ఉండిపోయింది. అరిగి అరిగి గడ్డిపరక అంత అయ్యింది.

నన్ను చదివించింది అమ్మే. చిన్నప్పుడు నాకు ఆయాసం ఎక్కువ, బడికి నడిచే ఓపిక లేదు. ఇంట్లోనే పలకా, లెక్కలూ, బైబిలు వాక్యం చదువుకోవడం, అన్నీ అమ్మ దగ్గరే. నా పక్కన కూర్చుని తప్పు రాసిన చోట వేలు పెట్టి చూపించేది. ఆ వేలికే ఉంగరం. నా చదువు అంతా ఆ వేలు చూస్తూ సాగింది గనక, అది లేకుండా అమ్మ చెయ్యి ఎట్లా ఉంటుందో నేను ఎన్నడూ అనుకోలేదు.

మా ఆయన నాకు మేనమామ కొడుకే. అమ్మకు సొంత మేనల్లుడు. అందుకని పెళ్లయ్యాక అమ్మ మాతోనే ఉదయగిరిలో ఉంది. ఆయన చిన్న ట్రాలీ ఆటోలో వింజమూరుకూ కావలికీ సరుకు తోలుతాడు. నేను ఇంట్లోనే కొయ్య స్పూన్లు చేస్తాను. మా ఊళ్లో చాలామంది ఆడవాళ్లకు అదే పని. కొయ్య చెక్కడం, ఆకురాయితో రాయడం, నునుపు చేయడం. ఒకనాడు కట్టెల కోసం అమ్మ ఇంటి వెనకాల మోపు కదిలిస్తే తేలు కుట్టింది. ఎడమ చెయ్యే. మేం ఆత్మకూరు ఆసుపత్రికి చేరేసరికి చెయ్యంతా బూరె అయ్యింది, ఉంగరం చర్మంలోకి కూరుకుపోయింది. నర్సమ్మ చాలాసేపు నూనె రాసి చూసింది. రాలేదు. చిన్న కత్తెర లాంటి పనిముట్టుతో రెండు చోట్ల తుంచి, ముక్కలు దూదిలో చుట్టి నా చేతికి ఇచ్చింది. వేలు నిలబడింది. దేవునికి స్తోత్రం, ఆ నర్సమ్మకు కూడా.

వాపు తగ్గింది గాని ఆ వేలి కణుపు మాత్రం లావుగానే నిలిచిపోయింది. అమ్మ గుళ్లో కొంగు కింద ఎడమ చెయ్యి దాచుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. వెనక వరసలో ఒకామె "ఇన్నాళ్లకి పోయింది లే" అనడం నేను విన్నాను. అమ్మ కూడా వినే ఉంటుంది. ఇంటికి వచ్చాక, చేటలో బియ్యం చెరుగుతూ అంది:

"ఆయన్ని వచ్చి తీసుకోమన్నా గదా. వచ్చినాడేమో."

"నాయన తేలు రూపంలో వస్తాడా అమ్మా?"

"ఏమో. కోపం మాత్రం అట్టాంటిదే" అని నవ్వింది. నవ్వింది గాని, ఆ మాట ఆమె మనసులో దిగిందని నాకు తెలిసింది. ఉంగరం పోయినందుకు కాదు ఆమె బాధ. ఊరి ఆడవాళ్ల ముందు ఒకసారి నిలబెట్టుకున్నది ఇప్పుడు చేజారిందని.

ఆత్మకూరులో మాకు తెలిసిన కంసాలి ఆచారి దగ్గరికి పోయాం. ఆయన ముక్కలు అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"పెద్దమ్మా, దీన్ని అతికితే నిలవదు. అంతా అరిగిపోయి ఉండాది. కరిగిచ్చి, ఇంకాస్త వెండి కలిపి కొత్తది చేస్తా."

"ఎవరి వెండి?"

"నా దగ్గర ఉండేది."

"నీ దగ్గర ఊరందరి వెండీ ఉంటది గదా?"

"ఊరందరి వెండీ మంచిదే పెద్దమ్మా."

"ఊరందరి మొగుళ్లూ మంచోళ్లే. నాది నాకు కావాల."

ఆచారి తల వంచుకుని నవ్వాడు. పక్కన కూర్చున్న గిరాకీ కూడా నవ్వింది. కలపకుండా చేయమంటే మాత్రం ఆయన ఒప్పుకోలేదు. "ఈ కాస్తకి సన్న తీగ లాగొచ్చు, నెలలో తెగుద్ది. తెగితే మీరు నన్నంటారు. చాలదమ్మా, ఎట్ట చేసినా చాలదు" అని ముక్కలు మళ్లీ దూదిలో చుట్టి ఇచ్చాడు.

ఆ పని నేనే చెయ్యాలని నాకు ఆ రాత్రే అనిపించిందని చెప్పను. కొన్నాళ్ల తర్వాత స్పూన్ల డిజైన్లు వెతుకుతుంటే ఫోన్లో ఎవరో విదేశపు ముసలాయన ఈ నురుగు ఎముకను రెండుగా కోసి, నడుమ ఉంగరం నొక్కి, అచ్చు దించి, అందులో వెండి పోసి తీస్తున్నాడు. ఎముక మెత్తన గనక అచ్చు చక్కగా దిగుతుంది. కాలుతుంది గాని వెంటనే కూలిపోదు. ఎంత లోహం ఉంటే అంత, ఉన్నది ఉన్నట్టు ఉంగరం అవుతుందని నాకు తోచింది. చెక్కడం నా చేతికి తెలిసిన పనే. అమ్మకు చూపించాను.

"చేసేట్టు ఉండావా?"

"నేర్చుకుంటానమ్మా. ముందు వేరే లోహంతో."

"సరే. నా ముక్కలు మాత్రం చిట్టచివర" అంది.

మా ఆయన ఒక్క మాటే అన్నాడు: "ఇల్లు కాలబెట్టకుండా చెయ్." మర్నాడు కావలి పోయినవాడు సముద్రపు ఒడ్డున ఏరుకొచ్చిన ఎముకలు ఒక గోతంలో వేసుకొచ్చాడు. కొట్టులో కొన్నవన్నీ ముక్కలు. ఇవి నిండు పడవలు. ఆయన మాట ఒకటి, చెయ్యి ఒకటి. నా మీద దేవుడు పెట్టిన దయల్లో అది పెద్దది.

మొదట తగరంతో మొదలుపెట్టాను. తగరం గ్యాస్ పొయ్యి మీద ఇనప గరిటెలోనే కరిగిపోతుంది. ఉంగరం నమూనా కొయ్యతోనే చెక్కాను, స్పూను తోకల్లో మిగిలిన ముక్కతో. అమ్మ వేలు కణుపుకు సరిపడా, పాత ఉంగరం మందమే ఉండేటట్టు. ఎముకను రంపంతో రెండుగా కోసి, రెండు ముఖాలూ ఒకదానికొకటి రుద్దితే అద్దంలా సమం అయ్యాయి. తెల్లటి పొడి ముక్కులోకి పోతుందని గుడ్డ కట్టుకున్నాను. ఆయాసం మనిషిని గదా.

అప్పుడు మేం ఒక పని చేశాం. మేం అనాలి, అమ్మా నేనూ కలిసే చేశాం. నీళ్లలోంచి వచ్చింది ఏదైనా మా ఇంట్లో ఉప్పూ పసుపూ వేసి కడగకుండా లోపలికి రాదు. సోమశిల చేపైనా అంతే, కావలి రొయ్యైనా అంతే. ఎముక నీచు వాసన వస్తుందని అమ్మ అంది. నాకూ వచ్చింది. బేసిన్లో ఉప్పు, పసుపు వేసి, ఎముకలన్నీ బాగా కడిగి, నీళ్లు మార్చి మళ్లీ కడిగి, వాకిట్లో ఆరేశాం. పైకి చూస్తే పొడిగానే ఉన్నాయి. పచ్చగా, పెళ్లికూతుళ్ల మాదిరి.

నమూనా నొక్కాను. బ్రహ్మాండంగా దిగింది. పైన గరాటు నోరు చెక్కాను, రెండు సగాలూ కలిపి కట్టుతీగతో బిగించాను, ఇటుకల మధ్య నిలబెట్టాను. తలవంచి ప్రార్థన చేసుకుని తగరం పోశాను.

అది లోపలికి పోలేదు. గుప్పున ఆవిరి లేచి, పోసిన తగరమంతా తిరిగి నా మీదికే చిమ్మింది. గోడ మీద, నేల మీద, మా ఆయన పాత చొక్కా తొడుక్కున్నాను గనక దాని చేతుల మీద. కొయ్య పనికి పెట్టుకునే కళ్లద్దాల మీద ఒక బొట్టు చల్లారి అతుక్కుంది. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి నా మొహం రెండు చేతులతో పట్టుకుంది.

"కళ్లు తెరువు మే. తెరువు. ఎన్ని వేళ్లు?"

"అమ్మా, నువ్వు మొహం పట్టుకోని ఉంటే వేళ్లు ఎట్టా కనపడతాయి?"

"దేవుడు కాపాడినాడు."

"కళ్లద్దాలు గూడా."

"అవి మాత్రం ఎవురిచ్చినారు?"

అదీ నిజమే. ఆ సాయంత్రం స్తుతి చెప్పుకునేటప్పుడు కళ్లద్దాలను కూడా కలుపుకున్నాను.

మరోసారి అమ్మతో ఆత్మకూరు పోయినప్పుడు ఆచారిని అడిగాను, ఎందుకట్లా చిమ్మిందని. ఆయన అంతా విని, "కడిగినారా? దాంట్లో సన్నసన్న గదులుంటాయమ్మా, నీళ్లు లోపలికి పోతే అంత సులభంగా రావు. ఎండిన ఎముకే కావాల దానికి" అన్నాడు. తర్వాత నిదానంగా, "పసుపు గూడా పూసినారా? మరి బొట్టు పెట్టలేదా?" అన్నాడు.

అమ్మ వెంటనే, "మేం బొట్టు పెట్టం లేవయ్యా" అంది. ముగ్గురం నవ్వుకున్నాం. వచ్చేటప్పుడు ఆయనే ఒక మట్టి మూస ఇచ్చాడు. వెండి కరిగించే చిన్న గిన్నె అది. కాస్త వెలిగారం కూడా పొట్లం కట్టాడు, వెండి మురికి పట్టకుండా కరగడానికి. ఆయన చేయనన్న పని నేను చేస్తానంటే ఎగతాళి చేయొచ్చు, చేయలేదు.

కడిగిన ఎముకలన్నీ పక్కన పెట్టేశాను. మా ఆయన మళ్లీ తెచ్చినవి కడగకుండా, ఎండలో పడేసి, పోసే ముందు పొయ్యి పక్కన వెచ్చగా ఉంచాను. నీచు వాసన భరించాం. ఈసారి తగరం లోపలికి పోయింది గాని సగం ఉంగరమే వచ్చింది. లోపలి గాలి పోయే దారి లేదు. తర్వాత గాలి కోసం జుట్టు మందం గీతలు గీశాను. ఉంగరం నిండుగా వచ్చింది, కాకపోతే రెండు సగాలూ జరిగి, ఒక చెంప పైకి ఒక చెంప కిందికి. కొయ్య పుల్లలు గుచ్చి సగాలు కదలకుండా చేశాను. అప్పుడు వచ్చింది సరైనది. చల్లారాక తీగ విప్పితే నల్లగా మాడిన ఎముకలో తెల్లగా ఉంగరం. దాని ఒంటి మీద అలలు అలలుగా గీతలు. ఎముకలో ఉండే పొరలే అవి, అచ్చుతో పాటు దిగుతాయి. అమ్మ వేలితో తడిమి "ఏటి ఇసక మాదిరి ఉండాది" అంది. ఆ తగరపు ఉంగరాన్ని నేను మేకుకు తగిలించాను, ఇప్పటికీ ఉంది.

వెండి వేరే సంగతి. గ్యాస్ పొయ్యికి లొంగదు. కంసాలులు వాడే, గ్యాస్ మంట చిమ్మే టార్చి కొన్నాం. తెగిపోయిన నా పట్టీలతో నేర్చుకున్నాను. వెండి కరిగేటప్పుడు ముందు ముడుచుకుంటుంది, తర్వాత ఉన్నట్టుండి గుండ్రంగా అయ్యి అద్దంలా మెరుస్తుంది. ఆ మెరుపు ఉన్నప్పుడే పోయాలి. కన్ను అటు తిప్పితే గరాటు నోట్లోనే గడ్డ కడుతుంది. పోయగానే ఎముక కాలి వెంట్రుకలు కాలిన కంపు. పక్కింటామె ప్రహరీ మీంచి తల పెట్టి, "ఏందక్కా, కోడిని కాలస్తా ఉండారా? ఆదివారం గూడా కాదే" అంది. అమ్మ "కోడి కాదు, కూతురు" అంది.

పట్టీల వెండితో ఉంగరాలు బాగానే వచ్చాయి. వాటికి వెండి ధారాళంగా ఉంది, గరాటు నిండా పోసేదాన్ని. ఆ పైన నిలిచిన వెండి బరువుకే కింద అచ్చు నిండుతుందని నాకు అప్పుడే అర్థమైంది. అమ్మ ముక్కల్లో అంత వెండి లేదు. ఆచారి చాలదన్న మాట ఇదే. నా పట్టీ ముక్క ఒకటి కలపనా అని అమ్మను అడిగాను.

"నీదీ నాదీ ఒకటే గదమ్మా."

"నువ్వు వేరు, ఇది వేరు. నీ పట్టీలు నీ మొగుడు తెచ్చినాడు."

"ఆయన నీ మేనల్లుడే గదా!"

"అయితే? మేనల్లుడు తెచ్చిన ఉంగరం నేను పెట్టుకుంటానా?"

వాకిట్లో ఆటో తుడుస్తున్న మా ఆయన విని, "అత్తా, నేనెప్పుడు తెస్తానన్నా?" అన్నాడు. "నువ్వు మూసుకోరా" అంది అమ్మ. పట్టీల వెండి అంటుకుని ఉన్న మూస కూడా వద్దంది. కొత్త మూస తెచ్చాం.

ఆ రోజు పొద్దున్నే మొదలుపెట్టాం. ఒక్క ఉంగరానికే వెండి. కరిగించినప్పుడల్లా కొంచెం తరుగు పోతుంది. ఒలికితే ఏరుకోవచ్చు గాని మట్టితో కలిసిపోతుంది. అందుకని గరాటు నోరు వీలైనంత చిన్నది చెక్కాను. నమూనా కూడా రాసి రాసి సన్నం చేశాను. అమ్మ పీట వేసుకుని కూర్చుంది. ప్రార్థన ఆమే చేసింది. మా అమ్మ ప్రార్థనలు పొడుగుండవు. "ప్రభువా, ఉండేది ఇదే. నీకు తెలుసు. దీని చెయ్యి వణకకుండా చూడు. ఆమేన్."

వెండి మెరిసింది. పోశాను. చెయ్యి వణకలేదు. ఒక్క చుక్క బయట పడలేదు.

పూర్తిగా చల్లారనిచ్చాను. తీగ విప్పి రెండు సగాలూ విడదీశాను. ఉంగరం మూడు వంతులు వచ్చింది. పైన, గరాటుకు ఆ పక్కన, వేలి గోరంత మేర వెండి చేరనే లేదు. రెండు కొసలు ఎదురెదురుగా, కలవకుండా నిలబడ్డాయి.

మళ్లీ కరిగించొచ్చు. కరిగిస్తే ఇంకా తరుగు పోతుంది. ఇంకా తక్కువ వస్తుంది. అది అమ్మకు చెప్పాను.

అమ్మ దాన్ని తీసుకుని నీళ్లలో ముంచి, కొంగుతో తుడిచి, వెలుతురులో పట్టుకుని చూసింది.

"ఎలక కొరికినట్టు ఉండాది గదే."

"అవునమ్మా."

"ఎవురిదీ కలపలా?"

"కలపలా."

గరాటు నోట్లో మిగిలిన తోక నేను కోసేదాకా ఆగి, వేలికి ఎక్కించుకుంది. తెరిచిన ఉంగరం గనక, కణుపు దగ్గర కాస్త విచ్చుకుని, దాటాక వేలితో నొక్కితే ముడుచుకుంది. నిండు ఉంగరమైతే కణుపు దాటినా వేలి మొదట్లో వదులుగా తిరిగేది. నేను నమూనా లావు కణుపుకే కొలిచాను గదా. ఇదంతా నా తెలివి కాదు. అమ్మ చెయ్యి ముందుకు చాపి, వేళ్లు ముడిచి, తెరిచి చూసుకుంది.

"ఇంక వాస్తే కోయాల్సిన పని లేదు" అంది.

ఆ ఆదివారం ప్రభువు బల్ల, గుళ్లో రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. అమ్మ ముందు వరసలో కూర్చుని, ఎడమ చెయ్యి ఒళ్లో పైకే పెట్టుకుంది. బయటికి వచ్చేటప్పుడు, వెనక వరసలో అప్పుడు ఆ మాట అన్నామే దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని చూసింది.

"ఏందక్కా, ఇరిగిందా?"

"లేదు. ఇంతే ఉండాది."

"అతికిచ్చుకోకూడదా?"

"ఎవరితో అతికిచ్చుకొనేది?" అంది అమ్మ. ఆమెకు అర్థమైందో లేదో, నవ్వి పోయింది.

ఇంటికి వచ్చాక అమ్మ చీర మార్చుకుంటుంటే ఉంగరం కొస కొంగు దారాన్ని పట్టుకుంది. కొసల్ని నేను ఆకురాయితో సరిగ్గా రాయలేదు. తీసివ్వమ్మా, నునుపు చేస్తాను అన్నాను.

"తీయను. ఇట్టే రాయి."

స్పూన్లకు వాడే సన్న ఆకురాయి తెచ్చుకున్నాను. అమ్మ చెయ్యి నా మోకాలి మీద పెట్టించుకుని, చర్మానికి తగలకుండా అట్ట ముక్క అడ్డం పెట్టి, రెండు కొసలూ మెల్లగా రాశాను. కింద పేపరు పరిచాను, పొడి దాని మీద రాలింది. అమ్మ రెండో చేత్తో శనక్కాయలు ఒలుచుకుని తింటోంది.

"ఎంత రాలింది?" అని అడిగింది.

"కనపడనంత."

"అదీ పారెయ్యొద్దు. మడిచి పెట్టు."